గ్రామఫోను ప్లేట్లూ, తిరుగుబాటు భ్రమలూ

ఈమధ్య మన విద్యార్థి మిత్రులలోనూ, కొందరు ఉపాధ్యాయ మిత్రులలోనూ ఒక కొత్త వాదం బయలుదేరింది. వినైల్ రికార్డులు కొని, ఇంట్లో పెట్టుకొని వినడం కూడా ఒక రకమైన ప్రతిఘటనే అని ఆ వాదం. వారు చెప్పేది స్థూలంగా ఇది: పాటను నెల చందామీద సెల్‌ఫోనులోకి అద్దెకిచ్చే కంపెనీలు మన చెవులను కూడా సరుకుగా మార్చాయి. తరువాత ఏం వినాలో యంత్రమే నిర్ణయిస్తున్నది. చందా ఆగితే పాట ఆగిపోతుంది. ఇటువంటి కాలంలో ఒక నల్లని ప్లేటును చేతిలోకి తీసుకొని, దుమ్ము తుడిచి, ముల్లు దించి, ఇరవై నిమిషాలసేపు కదలకుండా కూర్చొని వినే మనిషి పెట్టుబడిదారీ వేగాన్ని ధిక్కరించినవాడవుతాడు. పైగా పాత రికార్డులను మళ్లీ అచ్చువేయడంవల్ల మరుగున పడిన కళాకారులకు న్యాయం జరుగుతున్నది.

వినడానికి బాగానే ఉంది. ఈ మాటలంటున్నవారు పరాయివాళ్లు కారు, మనవాళ్లే. వారి సంగీతాభిరుచిని నేను శంకించడం లేదు. అద్దె సంగీతంమీద వారికున్న కోపం నాకూ ఉన్నది. కాని ఒక అలవాటుకు అభ్యుదయమనే పేరు తగిలించినప్పుడు, ఆ పేరు దానికి తగునా అని అడగవలసిన బాధ్యత మనకుంటుంది. అలవాటును అలవాటంటే పేచీ లేదు. పోరాటమన్నప్పుడే పేచీ.

కిందటి సంవత్సరం మా ఊళ్లో ఒక మిత్రుని ఇంట్లో పదిమందిమి కూడాము. ఆయన కాలేజీ లెక్చరరు, మంచి చదువరి. గోడ పొడుగునా బీరువా, బీరువా నిండా రికార్డులు. 1950ల నాటి అమెరికన్ జాజ్ సంగీతాన్ని మళ్లీ అచ్చువేసిన ప్లేట్లు వాటిలో ఎక్కువ. ఒక్కొక్కటి మూడు వేలు, నాలుగు వేల రూపాయలు. మాతో వచ్చిన డిగ్రీ విద్యార్థి ఒకడు ఒక పెట్టె చూపించి, "సార్, ఇది వేయరా?" అన్నాడు.

"అది వద్దయ్యా, దానికింకా సీలు తీయలేదు. అదే ఇంకొకటుంది, అది వేస్తాను. ఇది ఉంచడానికి కొన్నాను," అన్నారాయన.

"ఉంచడానికంటే ఏమిటి సార్?" అని అడిగాడు కుర్రవాడు.

అందరం నవ్వాము. ఆయన కూడా నవ్వారు. కాని జవాబు మాత్రం ఎవరమూ చెప్పలేదు. ఆ కుర్రవాడికి జవాబు చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

1

మొదట ధ్వని సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే ఈ వాదానికి పునాది అక్కడ ఉన్నది. వినైల్ ధ్వని సహజమైనదనీ, డిజిటల్ ధ్వని కృత్రిమమైనదనీ, మొదటిది మనిషిదనీ, రెండవది యంత్రానిదనీ చాలామంది నమ్ముతున్నారు.

1948 జూన్‌లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్.పి. రికార్డును విడుదల చేసింది. అంతకుముందున్న 78 చుట్ల ప్లేటు ఒక్కొక్క వైపు మూడు నాలుగు నిమిషాలు పాడితే, ఎల్.పి. ఇరవై నిమిషాలకు పైగా పాడింది. అది గొప్ప ముందంజ. అయితే ఏ యంత్రానికైనా హద్దులుంటాయి. ప్లేటు తిరిగే వేగం మారదు గాని, గాడి లోపలికి పోయేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. అంచు దగ్గర సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నడిస్తే, నడిమి చీటీ దగ్గరకు వచ్చేసరికి సుమారు 20 సెంటీమీటర్లే నడుస్తుంది. అంత ధ్వనినీ సగంకంటె తక్కువ చోటులో ఇరికించాలి. అందుకే ప్రతి వైపునా చివరి పాటలో సన్నని స్వరాలు నలుగుతాయి. మంద్రధ్వనులను ఉన్న బలంతో చెక్కితే ఒక గాడి పక్కగాడిలోకి పోతుంది. కనుక వాటిని తగ్గించి చెక్కుతారు, వినేటప్పుడు మళ్లీ పెంచుతారు. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అనేదానికి అమెరికా రికార్డు పరిశ్రమ 1954లో ఒక ప్రమాణం పెట్టుకొన్నది. అంటే ధ్వనిని "ఉన్నదున్నట్టు" వినిపించడం ఎల్.పి.లో ఏనాడూ లేదు. ఉన్నది ఇంజనీర్ల నేర్పు. ఆ నేర్పును మెచ్చుకోవచ్చు, మహిమ అనకూడదు.

దీనికి 2022లో ఒక మంచి పరీక్ష జరిగింది. పాత రికార్డులను మళ్లీ అచ్చువేయడంలో పేరుమోసిన అమెరికన్ సంస్థ మొబైల్ ఫిడెలిటీ. అసలు టేపు నుంచి నేరుగా ప్లేటు చెక్కుతామని, మధ్యలో డిజిటల్ ప్రసక్తి ఉండదని దాని కొనుగోలుదార్లు నమ్మారు. ఆ నమ్మకంమీదనే ఒక్కొక్క ప్రత్యేక ప్రతికి 125 డాలర్లు ఇచ్చారు. చివరకు తేలినదేమిటి? కొన్నేళ్లుగా ఆ ప్లేట్లలో అనేకం డిజిటల్ ప్రతి నుంచే తయారవుతున్నాయి. కొన్నవారు కోర్టుకెక్కారు. కంపెనీ రెండున్నర కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకొని రాజీపడవలసి వచ్చింది.

ఇందులో కంపెనీ మోసం ఒక భాగం. అంతకంటె ముఖ్యమైనది వేరే ఉన్నది. ఆ ప్లేట్లలో డిజిటల్ కల్తీ లేని నాదం ఉట్టిపడుతున్నదని ఇన్నేళ్లూ పొగిడిన చెవులు ఆ డిజిటల్ అంచెను కనిపెట్టలేకపోయాయి. అది బయటపడింది ఒకరు అడిగితే ఇంజనీర్లు చెప్పడంవల్ల, వినడంవల్ల కాదు. అయితే ఆ చెవులు విన్నదేమిటి? అట్టమీద అచ్చువేసిన మాటను విన్నాయి. ధరను విన్నాయి. సరుకు తన గుణాన్ని తానే ప్రకటించుకొంటూ ఉంటే మనం తల ఊపడాన్ని మార్క్స్ సరుకు పూజ అన్నాడు. ఆ పూజ మన బీరువా దగ్గర కూడా జరుగుతుంది.

చిటపటలంటే తమకు ఇష్టమనీ, పెద్ద అట్ట చేతిలో ఉంటే ఆనందమనీ ఎవరైనా అంటే నేను ఒక్క మాట అనను. ఇష్టానికి రుజువులు అక్కరలేదు. కాని ఇష్టాన్ని సత్యమని అనడం భావవాదం.

2

రెండవది ప్రతిఘటన సంగతి. ఎవరిని ప్రతిఘటిస్తున్నాం?

అద్దె సంగీతంలో పెద్దవాటా హక్కులు మూడు కంపెనీల చేతిలో ఉన్నాయి: యూనివర్సల్, సోనీ, వార్నర్. మళ్లీ అచ్చువేసిన పాత రికార్డులలో సింహభాగం ఎవరివి? ఆ మూడు కంపెనీలవే, లేదా వాటి దగ్గర అనుమతి కొన్నవారివి. సెల్‌ఫోనులో వింటే కుడిచేతికి డబ్బు పోతుంది, ప్లేటు కొంటే ఎడమచేతికి పోతుంది. చేతులు రెండూ ఒకే ఒంటివి. అమెరికాలో 2022లో 4 కోట్ల 10 లక్షల వినైల్ రికార్డులు, 3 కోట్ల 30 లక్షల సి.డి.లు అమ్ముడైనాయని అక్కడి రికార్డు పరిశ్రమ సంఘమే ప్రకటించింది. 1987 తరువాత సి.డి.ని వినైల్ సంఖ్యలో మించడం అదే మొదటిసారి. పెట్టుబడిదారులు తమమీద జరిగే తిరుగుబాటును లెక్కలు కట్టి, సంతోషంగా పత్రికలకు విడుదల చేయడం ఎక్కడైనా ఉన్నదా?

ఇంకొక లెక్క చూడండి. 2023లో వెలువడిన ఒక మార్కెట్ సర్వే ప్రకారం, అమెరికాలో గత 12 నెలలలో వినైల్ కొన్నవారిలో సగంమంది దగ్గర మాత్రమే రికార్డు ప్లేయరున్నది. తక్కిన సగంమంది వినలేని పాటను కొన్నారు. మా మిత్రుని సీలు తీయని పెట్టె ఒక మనిషి విపరీతం కాదు. అది ఒక వ్యాపారానికి మూలస్తంభం. ఒకే పాటల ప్లేటును నాలుగు రంగులలో, నాలుగు అట్టలతో అమ్ముతారు. ఒక ప్రసిద్ధ గాయని 2022లో తెచ్చిన ఆల్బంకు నాలుగు రకాల అట్టలు వేశారు. నాలుగూ కొని పక్కపక్కన పెడితే వెనకవైపు గడియారం బొమ్మ అవుతుంది. పాటకూ గడియారానికీ సంబంధమేమిటని అడగకండి. నాలుగు కొనడానికీ లాభానికీ ఉన్న సంబంధమే దానికున్న సంబంధం.

వాల్టర్ బెంయమిన్ 1930లలో ఒక గొప్ప సంగతి గ్రహించాడు. యంత్రం కళను వేలకొద్దీ ప్రతులుగా తీయగలిగిన రోజున, ఒకేఒక్క ప్రతికుండే దివ్యత్వం పటాపంచలవుతుందనీ, కళ గుడిలోనుంచి జనంలోకి వస్తుందనీ అన్నాడు. గ్రామఫోను ప్లేటు అందుకు చక్కని ఉదాహరణ. అది పుట్టుకతోనే నకలు. ఒక అచ్చునుంచి వేలు తీయవచ్చు, పదో ప్రతికీ వెయ్యో ప్రతికీ భేదమెంచడానికి మామూలు శ్రోతకు కారణం లేదు. మరి ఇప్పుడు కంపెనీలు చేస్తున్నదేమిటి? "మూడు వేల ప్రతులు మాత్రమే" అని ప్రకటిస్తాయి. ప్రతిదానిమీదా అంకె వేస్తాయి. 2008 నుంచి ఏటా జరిగే రికార్డు దుకాణాల పండగకు, ఆ ఒక్క రోజుకని ప్రత్యేక ప్రతులు దింపుతాయి. అవి మర్నాటికి రెండింతల ధరకు చేతులు మారుతాయి. నకలుకు దొంగ దివ్యత్వాన్ని తగిలించడమన్నమాట. యంత్రం తెచ్చిన సమృద్ధిని చంపి కృత్రిమమైన కరువును సృష్టించడం పెట్టుబడిదారీ విధానానికి పాత విద్యే. ధర పడిపోకుండా ధాన్యాన్ని గిడ్డంగిలో దాచేవాడూ, విలువ పెరగాలని పాటను సీలులో దాచేవాడూ ఒకే సూత్రాన్ని పాటిస్తున్నారు. మొదటివాణ్ణి నల్లబజారువాడంటాం. రెండవవాణ్ణి రసికుడంటున్నాం.

బెంయమిన్ స్వయంగా పుస్తకాలు సేకరించేవాడు కదా అని ఒక మిత్రుడు అనవచ్చు. సేకరించాడు. దానిమీద ప్రేమతో వ్యాసం కూడా రాశాడు. కాని అది ప్రతిఘటన అని చెప్పుకోలేదు. నేను అడుగుతున్నది కూడా ఆపాటి నిజాయితీనే.

3

మూడవది, కళాకారులకు న్యాయం జరుగుతున్నదనే మాట. దీనికి ఒక్క ఉదాహరణ చాలు.

నల్లజాతి గాయని బెస్సీ స్మిత్ 1923 ఫిబ్రవరిలో కొలంబియా కంపెనీకి తన మొదటి ప్లేటు పాడింది. లక్షలకొద్దీ అమ్ముడైంది. కష్టాలలో ఉన్న ఆ కంపెనీని ఆమె పాటలే నిలబెట్టాయని ఆ చరిత్ర రాసినవారంటారు. ఆమెకు ముట్టినది పాటకు 125 డాలర్లు. తరువాత కొంత పెరిగింది. అమ్మిన ప్లేటుమీద రాయల్టీ మాత్రం లేదు. ఆర్థికసంక్షోభం వచ్చాక 1931లో కంపెనీ ఆమెను వదిలేసింది. 1933లో ఆఖరుసారి పాడించినప్పుడు ఇంకా తక్కువే ఇచ్చారు. 1937 సెప్టెంబరులో మిసిసిపీ రాష్ట్రంలో కారు ప్రమాదంలో చనిపోయింది. ఫిలడెల్ఫియా దగ్గర శ్మశానంలో ఆమె సమాధిమీద 33 ఏళ్లు రాయి కూడా లేదు.

1970లో కొలంబియా ఆమె పాటలన్నిటినీ మళ్లీ అచ్చువేయడం మొదలుపెట్టింది. మొత్తం ఐదు జంట ఎల్.పి.లు. అట్టలు బాగున్నాయి, వ్యాఖ్యలు బాగున్నాయి. ఆ వ్యాఖ్యలకు గ్రామీ బహుమానం కూడా వచ్చింది. సరిగా ఆ సంవత్సరమే ఆమె సమాధికి రాయి పడింది. వేసినది కంపెనీ కాదు. గాయని జానిస్ జోప్లిన్, చిన్నతనంలో బెస్సీ ఇంట్లో పనిచేసిన ఒక నల్లజాతి స్త్రీ, ఇద్దరూ కలిసి డబ్బిచ్చారు. ఆమె పెంపుడు కొడుకు 1976లో కంపెనీమీద దావా వేశాడు. 1979లో ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టు ఆ దావా కొట్టివేసింది. కారణం, కాలదోషం పట్టింది. అన్యాయం అడగడానికి గడువు తీరిపోయింది గాని, అమ్ముకోవడానికి గడువు తీరలేదు. 1988లో కొలంబియాను సోనీ సంస్థ కొన్నది. ఆ పాటలు ఆ ఆస్తిలో భాగంగా చేతులు మారాయి.

మళ్లీ అచ్చువేయడం తప్పని నేననడం లేదు. ఆ ఐదు జంట ఎల్.పి.లు లేకపోతే ఒక తరం బెస్సీని వినేదే కాదు. కాని వినబడడం వేరు, న్యాయం వేరు. బీరువాలో ఆమె బొమ్మ ఉన్నంతమాత్రాన ఆమె బాకీ తీరలేదు.

మన దేశం సంగతి కూడా ఒక్క మాట. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీవారు కలకత్తా వచ్చి ఒక హోటలు గదిలో గౌహర్ జాన్ మొదలైనవారి చేత పాడించారు. ఆ మూసలు జర్మనీలోని హానోవరుకు పోయి ప్లేట్లుగా అచ్చయి తిరిగి ఇక్కడికే వచ్చాయి. 78 ప్లేటు దేనితో చేస్తారు? రాతిపొడి, నల్లరంగు, వాటిని కలిపి పట్టి ఉంచే లక్క. ఆ లక్కకు ప్రపంచానికంతటికీ పెద్ద ఆధారం మన దేశమే, అందులోనూ ఛోటానాగపూర్ అడవులు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలమీద లక్కపురుగు పెట్టే గూడును గీకి అమ్మినది ఆదివాసులు. లక్క ఇక్కడిది, గొంతు ఇక్కడిది, కొన్నవాడు ఇక్కడివాడు. లాభం మాత్రం లండనుది. 1908లో కలకత్తాలో ఫ్యాక్టరీ పెట్టిన తరువాత కూలి కూడా ఇక్కడిదే అయింది. లాభం చిరునామా మారలేదు.

లక్క పోయి వినైల్ వచ్చింది. అది వినైల్ క్లోరైడు అనే వాయువునుంచి తీసే ప్లాస్టిక్. ఆ వాయువు మధ్య పనిచేసే కార్మికులకు అరుదైన కాలేయపు క్యాన్సరు వస్తున్నదని 1974లో అమెరికాలోని లూయీవిల్ నగరపు ఫ్యాక్టరీ మరణాలతో బయటపడింది. 2023 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రంలోని ఈస్ట్ పాలస్తీన్ అనే ఊళ్లో పట్టాలు తప్పిన రైలుపెట్టెలలో ఉన్నదీ ఆ వాయువే. ఊరివారిని ఖాళీ చేయించి దాన్ని తగలబెట్టవలసి వచ్చింది. ప్రపంచంలో తయారయ్యే ఆ ప్లాస్టిక్‌లో రికార్డులకు పోయేది చాలా కొద్ది అనే మాట నిజమే. అందుచేత ఈ పాపమంతా సేకర్తల నెత్తిన రుద్దను. కాని ప్లేటును "ప్రకృతికి దగ్గరైన సంగీతం" అన్నప్పుడు దాని పుట్టుక గుర్తుచేయక తప్పదు.

4

ఇంతవరకు చదివినవారు, సేకర్తలంటే ఇతనికి గిట్టదని అనుకోవచ్చు. అది నిజం కాదు. కంపెనీలు చెత్తలో పారేసిన చరిత్రను చాలాచోట్ల కాపాడినది సేకర్తలే.

మిసిసిపీ గాయకుడు చార్లీ పాటన్ పాటలు ఈనాడు మనకు వినబడుతున్నవంటే, ఆయన చేత పాడించిన పారమౌంట్ కంపెనీ చలవ కాదు. ఆ కంపెనీ 1930ల మొదట్లో రికార్డింగు ఆపివేసింది. దాని లోహపు అచ్చులు పాతసామాను కింద పోయాయి. నల్లవారి వాడలలో ఇల్లిల్లూ తిరిగి, అరిగిపోయిన ప్లేట్లను కొని దాచినవారివల్ల ఆ గొంతు మిగిలింది. 1952లో హారీ స్మిత్ తన సొంత రికార్డులనుంచి 84 పాటలు ఏరి ఫోక్‌వేస్ సంస్థ ద్వారా ఆరు ఎల్.పి.లుగా తెచ్చాడు. అవన్నీ 1927, 1932 మధ్య వచ్చి జనం మరచిపోయిన ప్లేట్లు. అమెరికాలో తరువాతి తరం జానపద గాయకులు ఆ సంపుటాన్ని పాఠ్యపుస్తకంలాగా చదువుకొన్నారు. మరి సొంతదారుల కాపలా ఎట్లా ఉన్నది? 2008 జూన్‌లో హాలీవుడ్‌లో యూనివర్సల్ గిడ్డంగి కాలిపోయింది. అందులో అసలు టేపులు ఎన్నెన్ని పోయాయో ప్రజలకు తెలియడం 2019లో, అదీ ఒక పత్రిక పరిశోధించడంవల్ల.

కనుక సేకరణ రెండు విధాలు. ఒకటి, పోతున్నదాన్ని పట్టుకొని పదిమందికి అందించేది. రెండు, దొరుకుతున్నదాన్ని కొని పదిమందికి అందకుండా పెట్టుకొనేది. మొదటిదానికి ఓపిక కావాలి, రెండవదానికి డబ్బు కావాలి. హారీ స్మిత్ దారి మొదటిది. సీలు తీయని పెట్టె దారి రెండవది. మన మిత్రులు రెండవది చేస్తూ మొదటిదాని గౌరవాన్ని తీసుకొంటున్నారు.

5

వినడం గురించి మాట్లాడితే, ప్లేటు మన తెలుగుదేశంలో ఇంటి వస్తువుగా బతకలేదు. గ్రామఫోను కొనగలిగినవారు ఊరికి ఒకరిద్దరు. కాని విన్నవారు ఊరంతా. డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర పద్యాలు ప్లేటుమీద పాడుతుంటే అరుగుమీద జనం, అరుగు కింద జనం. జాషువాగారి శ్మశానవాటిక పద్యాలను నాటకం ఊరూరా తిప్పింది. ఎవరిని ఊరి వెలుపల ఉంచారో వారి కవి గొంతు ఊరి నడుమ మోగింది. మా చిన్నతనంలో హోటలు గుమ్మం దగ్గర రికార్డు పెట్టేవారు. పెళ్లి పందిట్లో మైకుసెట్టువాడు తన పెట్టెలోని ప్లేట్లు వేస్తూ, వచ్చి అడిగినవారికల్లా అడిగిన పాట వేసేవాడు. ఆ హోటల్లో కొందరికి గ్లాసు వేరుగా ఉండేది. ఆ దుర్మార్గాన్ని నేను మరచిపోలేదు. కాని గ్లాసు వేరుగా పెట్టిన హోటలువాడు కూడా పాటను వేరుగా పెట్టలేకపోయాడు. అది గుమ్మం దాటి రోడ్డుమీద నిలబడ్డవాడి చెవిలో కూడా పడింది.

ఈనాటి రికార్డుల గది ఆ పని చేయలేకపోయిన హోటలువాడి కోరికను తీరుస్తున్నది. తలుపు మూసి, గోడలకు మెత్తలు కొట్టి, ఒక్క కుర్చీని సరిగా రెండు స్పీకర్ల నడుమ వేస్తారు. ఆ కుర్చీలో ఒక్కడికే సరిగా వినబడుతుంది. ఇది ఏ వర్గపు ఆదర్శమో నేను చెప్పనక్కరలేదు.

మరి మనం చేయవలసినదేమిటి? ఊరికే తప్పులెన్నడం విమర్శ కాదు గనక చెప్తాను.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం ధ్వనిముద్రణమీద హక్కు, అది ప్రచురితమైన సంవత్సరం దాటిన తరువాత 60 ఏళ్లు. అంటే 1964 ఆఖరువరకు మన దేశంలో వెలువడిన ప్లేట్లమీద కంపెనీల హక్కు తీరిపోయింది. రాసినవారి హక్కు, స్వరపరచినవారి హక్కు వేరు. అవి వారు చనిపోయిన తరువాత 60 ఏళ్లుంటాయి గనక ప్రతి పాటా వెంటనే స్వేచ్ఛ కాదు. కాని త్యాగరాజు కృతులకు, పదాలకు, భారత భాగవత పద్యాలకు ఆ అడ్డు కూడా లేదు. అర్ధశతాబ్దానికి పైగా తెలుగువారి గొంతు నిక్షిప్తమైన ఈ ప్లేట్లలో గణనీయమైన భాగం ఈనాడు చట్టరీత్యా ప్రజల ఆస్తి. ఆ ఆస్తి ఎక్కడున్నది? అటకలమీద, గోనెసంచులలో, పాతసామాను కొట్లలో. లక్క ప్లేటు కిందపడితే పెంకులాగా పగులుతుంది, చెమ్మకు బూజు పడుతుంది. మూడు వేలు పెట్టి విదేశపు ప్లేటు తెప్పించుకొంటున్న వీధిలోనే, మనది మనకు లేకుండా పోతున్నది.

కొందరు శ్రమపడి ఒంటరిగా ఈ పని చేస్తున్నారు. వారికి నమస్కారం. అయితే ఒంటరివారిమీద ఆధారపడితే వారితోపాటే పని ఆగుతుంది. విదేశాల అనుభవం కూడా ఒక హెచ్చరిక. 78 ప్లేట్లను లక్షలుగా పోగుచేసి అందరికీ ఉచితంగా వినిపించబోయిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే గ్రంథాలయంమీద 2023లో పెద్ద కంపెనీలు అమెరికాలో దావా వేశాయి. చివరకు ఆ గ్రంథాలయం రాజీపడవలసి వచ్చింది. ఉమ్మడి ఆస్తి దానంతట అది ఉమ్మడిగా ఉండదు. కాపాడుకొనేవారుండాలి.

ప్రతి కాలేజీలో, ప్రతి ఊరి గ్రంథాలయంలో ఒక బీరువాతో మొదలుపెట్టవచ్చు. విద్యార్థులు సెలవులకు ఊళ్లకు పోయినప్పుడు ఎవరి ఇంట్లో ఏ ప్లేట్లున్నాయో జాబితా రాయాలి: కంపెనీ పేరు, చీటీమీది అంకె, పాడినవారి పేరు, పాట. ఆ జాబితా ఒక్కటే సగం చరిత్ర. ప్లేటు తుడవడానికి స్పిరిట్ వాడకూడదు. స్పిరిట్‌లో లక్క కరుగుతుంది. పాత గ్రామఫోనుమీద ఇనుపముల్లుతో వాయించకూడదు, గాడి అరిగిపోతుంది. ఎల్.పి. ముల్లు పనికిరాదు. దాని మొన 18, 25 మైక్రాన్లు, 78 గాడికి కావలసినది సుమారు 75. ఆ ముల్లు ఒకటి, ప్లేయరు ఒకటి, కంప్యూటరు ఒకటి ఉంటే ధ్వనిని దింపుకోవచ్చు. అవును, డిజిటల్‌లోకే. యంత్రంమీద మనకు పగ లేదు. అది ఎవరి చేతిలో ఉన్నదనేదే మన ప్రశ్న.

తరువాత వారానికి ఒక సాయంకాలం తలుపులు తెరిచి పదిమందిని కూర్చోబెట్టి ఆ పాటలు వినాలి. ఎవరు పాడారు, ఆమె ఏ కులంలో పుట్టింది, ఎంత ఇచ్చారు, ఆ తరువాత ఏమైంది అని మాట్లాడుకోవాలి. ఇరవై నిమిషాలు కదలకుండా వినడంలో ఏ మేలున్నదని మన మిత్రులంటున్నారో ఆ మేలు అక్కడా ఉంటుంది. కుర్చీలు మాత్రం ఎక్కువ ఉంటాయి.

మా లెక్చరరు మిత్రునికి ఈ వ్యాసం ముందుగానే చదివి వినిపించాను. కొన్ని చోట్ల ఆయనకు కోపం వచ్చింది. కంపెనీల లెక్కలు తనమీద ఎక్కించడం అన్యాయమన్నారు. ఆ మాటలో కొంత సబబున్నది. ఒక మనిషి కొనుగోలు వ్యవస్థను నిలబెట్టదు, కూల్చదు. నేను చెప్పదలచినదీ అదే. కొనడం ద్వారా కూల్చలేము. ఆయన బీరువా తలుపు కాలేజీ పిల్లలకు ఆదివారాలు తీసి ఉంచడానికి ఒప్పుకొన్నారు. సీలు వేసిన పెట్టె సంగతి ఆలోచిస్తానన్నారు.

కుర్రవాడికి నా జవాబు ఇది. ఉంచడానికి కొనడమంటే, ఇంకొకరు వినకుండా కొనడం. నువ్వు మళ్లీ వెళ్లి ఆ పెట్టెనే వేయమని అడుగు.